పలుపుకు కట్టిన నంబరు

“సచ్చింది నా బర్రెనే మేడం. రాసుకోండ్రి,” అన్నాడు గాలయ్య.

ఎస్సై రోజారాణి కలం ఆపింది. ఆమె సర్వీసులో నేరాన్ని ఇంత సులువుగా ఒప్పుకున్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. వాళ్లలో సగం మంది ఇంకెవరినో కాపాడటానికి ఒప్పుకున్నవాళ్లే. అందుకే ఆమె రాయకుండా ముసలాయన ముఖంలోకి చూసింది. ఆ పక్కనే నిలబడ్డ డిటెక్టివ్ జయకృష్ణ మాత్రం చూడలేదు. అతను తన చెప్పుల వంక చూసుకుంటున్నాడు.

శనివారం మధ్యాహ్నం రెండూ నలభై. రావల్కోల్‌లో గాలయ్య ఇంటి ముందు జీపు ఆగి ఇరవై నిమిషాలైంది. గోడ అవతల ఇరుగుపొరుగు తలలు లేస్తూ మునుగుతూ ఉన్నాయి. గాలయ్య భార్య శంకరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గడప మీద కూర్చుంది. రోజూ పొద్దున్నే ఆ ఇంటికి పాల కోసం వచ్చే పన్నెండు ఇళ్లవాళ్లలో ఇవాళ ఒక్కరూ చెంబు పట్టుకుని రాలేదు. పోలీసులు వచ్చినందుకంటే ఆ సంగతికే ఆమెకు తల కొట్టేసినట్టయింది.

కేసు చెప్పుకోవడానికి చిన్నదే. మంగళవారం ఉదయం శామీర్‌పేట పొలిమేరలో, ఎవరూ వాడని క్వారీ గుంతలో ఒక గేదె కళేబరం దొరికింది. దాని తోలు తీయడానికి వెళ్లిన ఇస్తారి అనే కూలీకి గురువారం చేతి మీద నల్లటి పుండు లేచింది. శుక్రవారం తెల్లారేసరికి ఒళ్లు కాలిపోయే జ్వరంతో ఆసుపత్రిలో పడ్డాడు. గేదె చెవి ముక్కను పరీక్షకు పంపితే ఇవాళ పొద్దున ఫలితం వచ్చింది. దొమ్మరోగం, అంటే ఆంత్రాక్స్. పశువు నుంచి మనిషికి అంటుకునే రోగం, ముదిరితే ఇద్దరినీ తీసుకుపోయే రోగం.

ఆ కళేబరం చెవికి పసుపుపచ్చ ట్యాగు ఉంది. దేశంలో ప్రతి పాడిపశువుకూ పన్నెండంకెల నంబరు ఒకటి ఇచ్చి, అది ఎవరి కొట్టంలో ఉంది, ఏ టీకా పడింది, ఎవరికి అమ్ముడుపోయింది అన్నీ ఒక్క చోట కనిపించాలని పెట్టిన ఏర్పాటు. నంబరు కొడితే గాలయ్య పేరు వచ్చింది. రోగం దాచి, కళేబరాన్ని బయట పారేశాడని అతని మీద కేసు.

అసలు భయం అది కాదు. చచ్చిన గేదె పక్కన ఇంకెన్ని గేదెలు కట్టేసి ఉండేవి? రేపు పశువుల అంగడి. ఈలోగా అవి లారీ ఎక్కితే ఏ ఊరి కొట్టంలో తేలతాయో దేవుడికే తెలియాలి. ఈ సాయంత్రంలోపు ఆ కొట్టం దొరకాలి. గాలయ్య దగ్గరేమో ఒకే ఒక్క గేదె ఉంది. అది నల్లగా నిగనిగలాడుతూ, పోలీసుల్ని కూడా లెక్కచేయకుండా నెమరు వేస్తోంది.

ఇస్తారి కూతురు వర్ష డిగ్రీ చదువుతోంది. “మా నాయినకు గీ గతి పట్టించింది ఎవ్వరో నాకు తెల్వాలె సార్” అంటూ నిన్న సాయంత్రం అల్వాల్‌లో జయకృష్ణ ఆఫీసు మెట్లెక్కింది. పశువుల బీమా మోసాలు పట్టడంలో అతనికి పేరుంది. గేదె పళ్లు చూసి వయసు, మనిషి కళ్లు చూసి అబద్ధం చెప్పేస్తాడని అంటారు. ఆ పేరు విని వచ్చింది పిల్ల. రావల్కోల్ అన్న మాట వినగానే ఆయన రెండు గ్లాసుల మంచినీళ్లు ఎందుకు తాగాడో ఆమెకు తెలియదు.

“గాలయ్య కాకా,” అన్నాడు జయకృష్ణ. “నీ బర్రె ఎప్పుడు సచ్చింది?”

“సోమారం రాత్రి సారు.”

“ఎట్ల?”

“కడుపుబ్బి సచ్చింది.”

“క్వారీ గుంత దాక ఎట్ల కొంటవోయినవ్?”

“ట్రాక్టర్ల.”

“ఎవరి ట్రాక్టర్?”

గాలయ్య నీళ్లు నమిలాడు. “యాదికి లేదు.”

“ఐదొద్దుల కిందటి ట్రాక్టర్ యాదికి లేదా?” అంది రోజారాణి.

“ముసలోన్ని మేడం.”

“ట్యాగు చెవికే ఉండెనా?” అన్నాడు జయకృష్ణ. ఈ ప్రశ్న అతను అడగదలచుకోలేదు. ఇన్నేళ్ల అలవాటు కొద్దీ నోటి నుంచి జారిపోయింది.

గాలయ్య తలెత్తాడు. “చెవికే సారు. ఏడేండ్ల కింద మీరే కొట్టిన్రు గద. మీ చేతి మీదికెళ్లే పడ్డది.”

ఆ మాట అంటూ అతను చూసిన చూపును జయకృష్ణ బతికున్నంత కాలం మరిచిపోలేడు. అబద్ధాలు చెప్పేవాళ్లను వందల మందిని చూశాడు గానీ, తన తరఫున అబద్ధం చెప్పే మనిషిని ఇదే చూడటం. నేను మాట తప్పలేదు సారూ, నువ్వు బుగులు పడకు అని ఆ కళ్లు ధైర్యం చెబుతున్నాయి. జీపెక్కబోయేవాడు డిటెక్టివ్‌కు ధైర్యం చెప్పడమా! జయకృష్ణ సిగ్గుతో మళ్లీ తన చెప్పుల వంకే చూశాడు.

ఎందుకంటే ఆ ట్యాగు చెవికి కొట్టలేదు.

ఏడేళ్ల కిందట జయకృష్ణ పశువుల శాఖలో చిన్న ఉద్యోగి. ట్యాగులు కొట్టడం అతని పని. ఐదు రోజుల గడువు, మూడు వందల పైచిలుకు పశువులు. గేదె చెవికి ట్యాగు కొట్టాలంటే ఇద్దరు దాన్ని కదలకుండా పట్టాలి, ఒకరు పట్టకారుతో నొక్కాలి. మొదటి రోజు పొద్దంతా తన్నులు తిని అతను కొట్టింది నాలుగు. చెవికి చీము పడితే పాలు తగ్గిపోతాయని ఆడవాళ్లు అడ్డం పడ్డారు. అప్పుడు అతనికి ఒక తెలివి పుట్టింది. ట్యాగుకు రెండు ముక్కలుంటాయి, బిళ్ల ఒకటి, చెవిలోంచి దిగే మేకులాంటి మొల ఒకటి. రెండూ కలిపి నొక్కితే మళ్లీ ఊడవు. అలా నొక్కకుండా, రెంటినీ దారంతో గుచ్చి గేదె మెడలోని పలుపుకు కట్టుకోమన్నాడు. నంబర్లు మాత్రం ఫోన్‌లోకి ఎక్కించేశాడు.

“ఎండలు తగ్గినంక వచ్చి చెవికి కొడత. అందాక ఎవ్వలకు జెప్పకు కాకా, నా నౌకరి వోతది” అని గాలయ్య చేత గేదె నెత్తి మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాడు. ఎండలు ఏడుసార్లు తగ్గాయి. జయకృష్ణ మళ్లీ ఈ ఊరి మొహం చూడలేదు. అందరికంటే ముందు పని పూర్తిచేసినందుకు అతనికి సభ పెట్టి శాలువా కప్పారు. రెండేళ్లకు ఉద్యోగం వదిలేశాడు. ఎందుకు వదిలేశావని పెళ్లాం అడిగితే బదిలీలు పడలేక అని చెప్పాడు.

“ఇంకేం అడుగుతరు సార్? మనిషి ఒప్పుకున్నంక,” అంటూ బైకు మీద నుంచి దిగాడు మహేందర్.

జిల్లాలో పశువుల నంబర్లను బట్టి రోగం ఎక్కడ పుట్టిందో వెతికి పట్టే అధికారి మహేందర్. ముప్పై ఐదేళ్లుంటాయి. ఇస్త్రీ మడత నలగని చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. ఒకప్పుడు జయకృష్ణ కింద పని నేర్చుకున్న కుర్రవాడే. ఇప్పుడు జయకృష్ణ బీమా రిపోర్టులు అతని బల్ల మీదికి వెళ్తే మూడు నెలలు అక్కడే పడుంటాయి.

“నంబర్ ఉంది, రైతు ఉన్నడు, ఒప్పుకోలు ఉంది. ప్రైవేట్ డిటెక్టివ్‌కు గీడ పనేంది మేడం?” అన్నాడు.

“ఇస్తారి బిడ్డ పెట్టుకున్న మనిషి. అడగనీ,” అంది రోజారాణి. “మీరు కళేబరం ఎప్పుడు చూసిన్రో మళ్లోసారి చెప్పండి, రాసుకుంట.”

“మంగళవారం పది నలభై ఐదుకు నాకు ఫోనొచ్చింది. అంతకు ముందు అసలు సంగతే తెల్వదు. ఆఫీసులకెళ్లి సీదా పోయిన. పదకొండు ఇరవైకి ఫోటో తీసిన. ట్యాగు చెవికే ఉంది. చెవి ముక్క పరీక్షకు పంపి, మిగిలింది సున్నం పోసి పూడ్పించిన.”

ఆమె ఆ అంకెలు రాసుకుంది. జయకృష్ణ వర్షకు ఫోన్ చేసి, అందరికీ వినపడేలా పెట్టాడు. ఆసుపత్రి మంచం మీద నుంచి ఇస్తారి గొంతు దగ్గుతో పాటు వచ్చింది.

“పొద్దుగాల ఆరు దాటినంక ఎవడో ఫోన్ జేసిండు సారు. క్వారీ గుంతల బర్రె పడ్డది, తోలు నువ్వే తీసుకో అన్నడు. ఏడింటికి పోయిన.”

“చెవికి బిళ్ల ఉండెనా?”

“లేదు సారు. మెడకాయ తిప్పనీకి రెండు చెవులు గట్టిగ పట్టుకున్న. ఉంటే చేతికి తగిలేది గద.”

“ఎప్పటిదాక ఉన్నవ్?”

“ఎనిమిది కాకముందే లేచొచ్చిన. ముక్కులకెళ్లి నెత్తురు నల్లగ కారుతాంది. గడ్డ కడ్తలేదు. బుగులైంది.”

“నాయినకు ఆయాసమొస్తాంది సార్, పెట్టేస్తున్న,” అంది వర్ష.

“జ్వరంల పడ్డ మనిషి మాట!” అన్నాడు మహేందర్, నవ్వి.

“మరి మీ ఫోటో చూపియ్యండి,” అన్నాడు జయకృష్ణ.

మహేందర్ ఫోన్ ఇచ్చాడు. జయకృష్ణ బొమ్మను వేళ్లతో పెద్దది చేశాడు. పనిలో పడితే అతనికి సిగ్గు కూడా కాసేపు పక్కకు తప్పుకుంటుంది. పసుపు బిళ్ల, చివరి నాలుగంకెలు 4417. మొల దిగిన చోట చెవి శుభ్రంగా ఉంది. వాపు లేదు, మచ్చ లేదు, రక్తం చుక్క లేదు.

“మేడం, ఇటు చూడండి. బతికున్న చెవికి మొల దింపితే నెత్తుర్రాకుండ ఉండదు. ఏడేండ్ల కింద దింపింది అయితే రంధ్రం చుట్టూ కాయ కట్టి ఉండాలె. గిది సచ్చినంక కొట్టింది. ఎనిమిదికి పదకొండు ఇరవైకి నడుమ.” బొమ్మను పక్కకు జరిపాడు. “రెండో చెవి కూడ కనిపిస్తాంది. దానికి రంధ్రమే లేదు. గా బర్రె బతికినన్ని రోజులు దానికి ట్యాగే లేదు.”

గోడ అవతలి తలల్లో గుసగుస లేచింది. రోజారాణి ఫోన్ తీసుకుని తనూ చూసింది.

మహేందర్ తడబడలేదు. “సరే సార్. సచ్చినంకనే కొట్టిన్రు అనుకుందాం. బిళ్ల ఎక్కడికెళ్లి వచ్చింది? నంబర్ గాలయ్యది. ఈయన బర్రె చెవికి ఉండాలె. గా కొట్టంల ఉన్న బర్రె చెవులు చూడండి. రంధ్రం ఉంటే, ట్యాగు ఎవడో కోసుకపోయిండని నేనే రాసిస్త. లేకుంటే ఈయన అసలు బర్రె సచ్చిందనే కదా లెక్క?”

తెలివైన దెబ్బ. జయకృష్ణకు అది తగిలింది. శిష్యుడు బాగానే తయారయ్యాడు.

రోజారాణి కొట్టంలోకి నడిచింది. గేదె రెండు చెవులూ పట్టి చూసింది. నున్నగా, ఏ గాటూ లేకుండా ఉన్నాయి. ఆమె ఏమీ అనకుండా బయటకు వచ్చి కాయితం మీద ఒక వాక్యం రాసింది. శంకరమ్మ ఆ కలం కదలడం చూసి కొంగు నోట్లో కుక్కుకుంది.

“నేనోసారి చూస్త,” అని జయకృష్ణ లోపలికి వెళ్లాడు.

కొట్టం చిన్నది. కుడితి తొట్టి, గడ్డి మోపు, గుంజ, గుంజకు గేదె. అతను చెవుల వైపు వెళ్లలేదు. మెడ కిందికి చెయ్యి పోనిచ్చి పలుపు తడిమాడు. చేతికి నూనెలా నునుపు తగిలింది. ఏళ్ల తరబడి మెడకు రాసుకుని రాసుకుని అరిగిన పలుపు. ముడికి బెత్తెడు కింద ఒక చోట ఇంకా లోతుగా అరిగింది, బిళ్లంత వెడల్పున. అక్కడే నీలం దారం ముక్క, అంగుళం పొడవు, కత్తెరతో నీటుగా తెంపినట్టు వేలాడుతోంది. ఆ దారం అతను ఎరుగు. ఏడేళ్ల కింద తన సంచిలోంచి తీసి ఇచ్చింది.

ఇదే సాక్ష్యం. గాలయ్యను ఇంట్లో కూర్చోబెట్టే సాక్ష్యం అతని రెండు వేళ్ల మధ్య ఉంది. డిటెక్టివ్ జయకృష్ణ అప్పుడేం చేశాడంటే, చెప్పడానికి నాకే మొహం చెల్లడం లేదు, అరచేత్తో దాన్ని కప్పేశాడు.

“వదిలెయ్యండి సార్.” వెనక నుంచి మహేందర్ గొంతు, మెల్లగా. ఎప్పుడొచ్చాడో వచ్చి గడ్డి మోపు పక్కన నిలబడ్డాడు. “మూడు వందల పన్నెండు నంబర్లు. పలుపులకు కట్టి చెవులకు కొట్టినట్టు రాసినయ్. అన్నీ మీ పేరు మీదున్నయ్. అప్పుడు నంబర్లు ఎక్కిస్తుంటె ఫోన్ పట్టుకున్నోన్ని నేను, కట్టిచ్చింది మీరు. గాలయ్యకు జరిమానాతోటి పోతది. మీకు అట్ల పోదు. పేపర్ల పేరు, టీవీల బొమ్మ. గా పిల్ల కూడ చూస్తది, మా సారు దొంగ అని.”

తలుపు సందులోంచి గాలయ్య కనిపిస్తున్నాడు. అతనూ ఇటే చూస్తూ, ఎవరికీ తెలియకుండా తల అడ్డంగా ఊపాడు. చెప్పొద్దు సారూ అని.

అతను గనక అలా ఊపకపోయి ఉంటే జయకృష్ణ ఇంకాసేపు తటపటాయించేవాడేమో. ఆ తల ఊపుడు చూశాక అరచెయ్యి దానంతట అదే పలుపు మీద నుంచి జారింది. గేదెను గుంజ నుంచి విప్పి, పలుపుతో సహా బయటకు తోలుకొచ్చాడు. అందరి ముందూ నిలబెట్టాడు.

“మేడం, రాసుకోండి. గాలయ్య అబద్ధం చెప్తుండు. నన్ను కాపాడనీకి చెప్తుండు.”

“సారూ!” అన్నాడు గాలయ్య.

“ఆగు కాకా. ట్యాగు చెవికి కొట్టలే. గీ పలుపుకు కట్టిన. కట్టింది నేను. గీ ఒక్క ఇంట్ల కాదు, మూడు వందల పన్నెండు పలుపులకు కట్టిన. ఫోన్ల మాత్రం చెవికి కొట్టినట్టు ఎక్కిచ్చిన. గాలయ్యతోటి ఒట్టు వేయించుకున్న.” నీలం దారం ముక్క చూపించాడు. “శాలువా కూడ కప్పిచ్చుకున్న.”

గోడ అవతల గుసగుస కూడా ఆగిపోయింది. ఏడేళ్ల కింద ఆ గోడ పక్కనే నిలబడి పలుపుకు బిళ్ల కట్టించుకున్న వాళ్లు వాళ్లంతా. తలలు ఒక్కొక్కటే కిందికి దిగాయి.

“బిళ్ల పలుపుకుంటే ఏమైతది?” అంది రోజారాణి. గొంతులో ఇందాకటి మర్యాద లేదు.

“మా దిక్కు బర్రెను అమ్ముతరు గానీ పలుపు అమ్మరు మేడం. కొన్నోడు తన పలుపు తెచ్చుకుని కట్టి తోలుకపోవాలె. పలుపు గడప దాటితే ఇంటి పాడి దాటిపోతదని నమ్మకం. ఇందాక పక్కింటోళ్లను అడిగిన, గాలయ్య గీ ఏడేండ్లల్ల రెండు బర్రెలను అమ్మిండు. గిది మూడోది. పలుపు మాత్రం అదే. కంప్యూటర్ల చూస్తే ఒకటే బర్రె ఏడేండ్ల సంది గీడనే నిలబడి ఉంటది.” పలుపు ఎత్తి పట్టుకున్నాడు. “కాబట్టి బర్రె పోయినా, సచ్చినా, బిళ్ల ఈ ఇల్లు దాటదు. ఎవరన్న వచ్చి దారం తెంపి తీసుకపోతే తప్ప.”

రోజారాణి గాలయ్య వైపు తిరిగింది. “ఎవరు తీసుకపోయిన్రు?”

గాలయ్య జయకృష్ణను చూశాడు. “చెప్పమంటరా సారు?”

“చెప్పు కాకా. ఒట్టు పెట్టిచ్చినోన్ని నేనే తీసేస్తున్న.”

అయినా ముసలాయన భార్య వంక చూశాడు. లేచింది శంకరమ్మ. కొంగు నోటి మీంచి తీసి నడుముకు దోపుకుంది.

“మంగళారం పొద్దుగాల తొమ్మిదింబావుకు. ఇస్కూల్ బస్సు అప్పుడే మళ్లింది. గీ సారే వచ్చిండు.” చెయ్యి చాపి మహేందర్‌ను చూపించింది. “కొత్త బిళ్లలు వస్తున్నయ్, పాతది ఇయ్యమన్నడు. కత్తెర ఆయన జేబులకెళ్లే తీసిండు. మళ్ల నిన్న వచ్చి, సచ్చిన బర్రె మీదే అని ఒప్పుకోండ్రి, లేకుంటే జయకృష్ణ సారు జైలుకు పోతడు అన్నడు. మా ముసలోడు పొద్దంత బువ్వ తినలే.” ఆమె జయకృష్ణ వైపు తిరిగింది. “గీ ముచ్చట మీరు జీపు దిగంగనే చెప్తే అయిపోయేది గద సారు. ఊరంతటి ముందట మా ఇజ్జత్ తీయబట్టిరి.”

జయకృష్ణ గేదె పలుపును చేతికి ఇంకో చుట్టు చుట్టుకున్నాడు.

రోజారాణి కాయితాలు వెనక్కి తిప్పింది. “మహేందర్ గారూ, పది నలభై ఐదు దాక కళేబరం సంగతే తెల్వదన్నరు. తొమ్మిదింబావుకు ఈ ట్యాగుతోటి మీకేం పని?”

మహేందర్ రెండు ఫోన్లనూ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. బైకు వైపు ఒక అడుగు వేశాడు. అక్కడ కానిస్టేబుల్ మల్లేష్ నిలబడి ఉన్నాడు.

“నేను చెప్త మేడం,” అన్నాడు జయకృష్ణ. “ట్యాగు లేని బర్రె దొమ్మతోటి సస్తే శామీర్‌పేట చుట్టుపక్కల డెయిరీ షెడ్లన్నీ ఎతుకుతరు. ట్యాగు ఉంటే సీదా ఒక్క ఇంటికి పోతరు. గా ఒక్క ఇల్లు ఏ షెడ్డుకన్న దూరంగ ఉండాలె, మనిషి నోరు తెరవనోడై ఉండాలె. నొక్కని బిళ్ల యాడ దొరుకుతదో, ఎవరు నోరు తెరవరో తెలిసింది ఇద్దరికే. ఒకన్ని నేను.” అతను మహేందర్ దగ్గరికి వెళ్లాడు. “ఎవరి షెడ్డు?”

మహేందర్ బైకు తాళం కోసం జేబు తడుముకున్నాడు.

“మహేందర్, టైం మూడూ పది. రేపు అంగడి. ఇస్తారి ఒక్కడే పడ్డడు ఇప్పటిదాక. గా షెడ్డు బర్రెలు ఊళ్లల్లకు పోతే పాలు పిండే ఆడోళ్లు ఎంతమంది, ఆలోచించు. ఎవరి షెడ్డు?”

“వీరయ్యది,” అన్నాడు మహేందర్ చివరికి. ఇస్త్రీ చొక్కా వీపు తడిసిపోయింది. “శామీర్‌పేట అవతల. బయటి రాష్ట్రంకెళ్లి నలభై బర్రెలను దింపిండు. వచ్చినయ్ వచ్చినట్టు ట్యాగులు కొట్టి, టీకాలేసి, ఇరవై ఒక్క రోజులు విడిగ పెట్టాలె. జల్దీ కావాలన్నడు. నలభై నంబర్లు ఫోన్ల ఎక్కిచ్చిన. టీకాలు కూడ ఎక్కిచ్చిన. ఒక్క చెవి ముట్టలే. ఒక్క సూది వెయ్యలే. సోమారం రాత్రి ఒకటి పడ్డది. గుంతల ఏసి, తోలోన్ని పిలిచి మాయం జేస్త అన్నడు వీరయ్య. మంగళారం ఎనిమిదింటికి నేను పోయి చూస్తే నెత్తురు గడ్డ కడ్తలేదు. అప్పుడు తెలిసింది నాకు.”

“తెలిసి గింత పని ఎట్ల జేసినవ్?”

మహేందర్ నవ్వాడు. ఏడుపుకంటే అధ్వానంగా ఉందా నవ్వు.

“ఎట్ల జేసిన్నా? మీ దగ్గర నేర్చుకున్నదే గద సార్. నౌకర్ల చేరినంక నేను చూసిన మొదటి పని గదే. మీకు శాలువా కప్పుతుంటే ముందు వరుసల కూసొని చప్పట్లు కొట్టిన. పని గిట్ల చెయ్యాలె గావచ్చు అనుకున్న.”

ఎవరైనా చెంప మీద కొట్టి ఉంటే జయకృష్ణ తట్టుకునేవాడు. మూడు వందల పన్నెండు అని ఏడేళ్లుగా లెక్క పెట్టుకుంటున్నాడు గానీ, ఈ ఒక్కడిని ఆ లెక్కలో వేసుకోలేదు. ట్యాగులు ఇప్పుడైనా పోయి కొట్టొచ్చు. మనిషికి నేర్పింది ఎలా విప్పుతాడు?

రోజారాణి అప్పటికే ఫోన్‌లో ఉంది. శామీర్‌పేట వైపు గస్తీ తిరుగుతున్న జీపును వీరయ్య షెడ్డుకు పంపింది. మహేందర్ ఫోన్లు రెండూ మల్లేష్ తీసుకున్నాడు. గాలయ్య మెల్లగా వచ్చి, ఎవరినీ చూడకుండా, జయకృష్ణ చేతిలోంచి పలుపు అందుకుని గేదెను కొట్టంలోకి తోలుకుపోయాడు.

“మీ పేరు కూడ రాస్తున్న,” అంది రోజారాణి.

“ముందు నాదే రాయండి మేడం.”

మూడూ ముప్పై ఐదుకు ఫోన్ మోగింది. ఆమె అందరికీ వినపడేలా పెట్టింది.

“షెడ్డు ఖాళీగుంది మేడం. ఒక్క బర్రె లేదు. పేడ ఇంకా పచ్చిగనే ఉంది. పొద్దుగాల పదిన్నరకే రెండు లారీలల్ల ఎక్కిచ్చిన్రట. వీరయ్య ఫోన్ బంద్ ఉంది. ట్యాగులు మాత్రం గీడనే ఉన్నయ్. ఒక అట్టపెట్టెల, సీలు కూడ విప్పలే.”

రోజారాణి ఒక్క మాట వృథా చేయలేదు. అవుటర్ రింగు రోడ్డు ఎక్కే చోట ఉన్న పోలీసు తనిఖీ కేంద్రానికి కలిపింది. రోగం పట్టిన గేదెల లారీలు రెండు వస్తున్నాయి, ఆపమంది.

“పొద్దటిసంది బర్రెల బండ్లు ఇరవై దాక వచ్చినయ్ మేడం, రేపు అంగడి గద,” అన్నాడు అవతలి కానిస్టేబుల్. “తొమ్మిది ఇంక గీడనే లైన్ల ఉన్నయ్. మీ బర్రెల నంబర్లు చెప్పండి, చెవులు చూసి పట్టుకుంటం.”

రోజారాణి ఫోన్‌ను జయకృష్ణ వైపు చాపింది. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు ఉండాలనే దేశమంతా పన్నెండంకెల నంబర్లు పెట్టారు. కోట్ల పశువుల చెవులు కుట్టారు.

“నంబర్లు లేవు,” అన్నాడు జయకృష్ణ. “వాటి చెవులు ఖాళీ. లైన్ల ఉన్న బండ్లన్నీ ఆపండి. ఒక్కటి కూడ వదలొద్దు.”

“అన్నీనా? రైతులు మీద పడతరు సార్!”

“పడనీ. నేనే వస్తున్న. ఎందుకు ఆపినమో నేనే నిలబడి చెప్త. ముందుగాల చెప్పు, పోయిన బండ్లల్ల చెవులకు బిళ్లలు లేని బర్రెలు ఏమన్న కనపడ్డయా?”

అవతల కాసేపు ఎవరితోనో మాట్లాడిన చప్పుడు.

“బిళ్లల సంగతి చూడలే సార్. గానీ రెండు బండ్లు పొద్దటిసంది లైన్ల నిలబడి, గంట కిందనే దాటిపోయినయ్. ముందు బండి డ్రైవర్ గీడ ఆపి, మా హోంగార్డు దగ్గర బకెట్ నీళ్లు, పాత గుడ్డ అడుక్కున్నడు. లోపల ఒక బర్రె పడిపోయింది, ముక్కులకెళ్లి నెత్తురు కారుతాందన్నడు. మావోడే ఎక్కి తుడిచిండు సార్, వట్టి చేతులతోటి.”